గోరింటాకు నెంబరు

తెనాలిలో చదువుకునే రోజుల్లో ఏకపాత్రాభినయంలో నేను మూడేళ్లు వరసగా ఫస్ట్ ప్రైజు కొట్టాను. ఈ సంగతి చెప్పకపోతే నేనెందుకలా చేశానో మీకు అర్థం కాదు. అర్థమైనా క్షమించక్కర్లేదు.

2005 జనవరిలో మా శ్రీజ స్కూలు నుంచి ఉత్తరం వచ్చింది. నాజీలు చంపిన యూదులను తలుచుకునే రోజట. ఇయర్ ఫైవ్, అంటే అయిదో క్లాసు పిల్లలు అసెంబ్లీలో తలా రెండు మాటలు చెప్పి కొవ్వొత్తి వెలిగిస్తారట. నా కూతురికి రెండు మాటలేనా! టీచరుకి ఫోన్ చేసి, మా అమ్మాయి చిన్న యాక్టింగ్ చేస్తుందన్నాను. ఆవిడ ‘లవ్లీ’ అంది. ఈ ఇంగ్లీషువాళ్ల దేశంలో లవ్లీ అంటే సరిగ్గా వినలేదని అర్థం. ఆ ముక్క నాకు తర్వాత తెలిసింది.

కావలసిన కథ ఎదురు ఫ్లాట్‌లోనే ఉంది. ఇలోనా ఆంటీ హంగరీ నుంచి వచ్చిన యూదురాలు, డెబ్భై ఆరేళ్లు. మా ఆయన రఘు వారమంతా కార్డిఫ్‌లో, నేను ఆరింటిదాకా డెంటిస్టు రిసెప్షన్‌లో. స్కూలు వదిలాక శ్రీజ ఆవిడ దగ్గరే ఉండేది. నాతో ముక్తసరిగా మాట్లాడే పిల్ల అక్కడ కిలకిలా నవ్వేది. నాకు కుళ్లుగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆవిడ ఎడమ చేతి మీద నీలం అంకెలుండేవి. “ఫోన్ నెంబరు మర్చిపోతారనా ఆంటీ?” అని ఒకసారి నవ్వాను కూడా. ఆవిడ చొక్కా చెయ్యి కిందికి లాక్కుంది. మళ్లీ నా ముందు మడవలేదు. శ్రీజకి మాత్రం చూపించిందట. నాజీల క్యాంపులో పొడిచిన పచ్చబొట్టని, చెల్లెలు వేరా అక్కడే చనిపోయిందని చెప్పి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుందట. పిల్ల తనంతట తను చెప్పలేదు. మూడు రోజులు సాధించి నేనే కక్కించాను.

అసెంబ్లీ ముందురోజు సాయంత్రం రఘు చారల పైజమా కత్తిరించి శ్రీజకి కుట్టాను. పెన్నుతో రాస్తే నెంబరు చెరిగిపోతుందని, ఎవరి పెళ్లికో కొన్న మెహందీ కోన్ ఫ్రిజ్‌లోంచి తీశాను.

“నెంబరు చెప్పవే.”

“ఆంటీది వద్దు మమ్మీ, ప్లీజ్. ఇంకేదైనా రాయి,” అంది ఇంగ్లీషులో. దానికి తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం తిరగదు.

“ఇదేమన్నా బస్సు నెంబరా, ఏదో ఒకటి రాయడానికి? నిజందైతేనే చూసేవాళ్లకి గుండె పట్టేస్తుంది. చెప్తావా, ఆవిడ దగ్గరికెళ్లడం మానిపించమంటావా?”

పిల్ల ఒక్కో అంకే చెప్పింది. ముత్యాల్లా రాశాను. ఆరాక నిమ్మరసం, పంచదార అద్దాను. తెల్లారేసరికి ఎర్రగా పండింది.

ఇలోనా ఆంటీని ముఖ్య అతిథిలా ముందు వరసలో కూర్చోబెట్టాను. ఏం చూడబోతోందో చెప్పలేదు. శ్రీజ నేను నేర్పినట్టే గుండెలు బాదుకుంది, మోకాళ్ల మీద పడింది, “వేరా! వేరా!” అని అరిచింది. హాలంతా తలలు దించుకున్నారు. కరిగిపోయారనుకున్నాను. చివర్లో చెయ్యెత్తి నెంబరు చూపించాలి. పిల్ల ఎత్తలేదు. పక్కనుంచి కళ్లురిమాను. ఎత్తింది.

ఇలోనా ఆంటీ లేచి స్టేజీ ఎక్కింది. ఆ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని అంకెలు చదివింది.

“ఇది నాది కాదు,” అంది. “నెంబర్లు పొడిచే లైన్లో నా వెనకాల నుంచున్నది వేరా. ఇది వేరా నెంబరు.”

నావైపు చూడలేదు. కోటు కుర్చీ మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆంటీది కాకుండా ఉండాలని చివరి అంకెకి ఒకటి కలిపానని ఇంటికొచ్చాక శ్రీజ చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదో తెలియదు. నిమ్మచెక్కతో, గిన్నెలు తోమే పీచుతో ఆ చెయ్యి తోమాను. తోలు లేచింది గానీ రంగు పోలేదు. పిల్ల ఏడవకుండా నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఏడ్చినా బావుండేది.

నేను డ్యూటీ వేళలు మార్పించుకుని మధ్యాహ్నాలు ఇంట్లో ఉండసాగాను. శ్రీజ రోజూ స్కూలు నుంచి రాగానే ఎదురు తలుపు కొట్టేది. తలుపు తెరుచుకునేది కాదు. ఉత్తరాలు వేసే కంతలోంచి ఆవిడ గొంతు ఒకటే అడిగేది.

“ఉందా ఇంకా?”

“ఉంది ఆంటీ.”

అడుగులు లోపలికి వెళ్లిపోయేవి. అది పోతేగానీ ఆవిడ తలుపు తియ్యదని మా ఇద్దరికీ అర్థమైంది. పొద్దున్నా సాయంత్రం వేడినీళ్లు, సోడా పెట్టి తోమాను. ఇప్పుడు పిల్లే చెయ్యి చాపేది.

పన్నెండో రోజుకి పూర్తిగా పోయింది. శ్రీజ చొక్కా చెయ్యి మడిచి పరిగెత్తింది.

“ఉందా ఇంకా?”

“పోయింది ఆంటీ! మొత్తం పోయింది!”

తలుపు తెరుచుకుంది. ఇలోనా ఆంటీ ఆ చేతిని వెలుతురు వైపు తిప్పి, కళ్లకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు వెతికింది.

“నాకు చూసే ధైర్యం వచ్చేదాకా ఉంటుందనుకున్నాను,” అంది. “వేరా గుర్తు నాకింకెక్కడా లేదు. తోమేశారా?”

చెయ్యి వదిలేసి తలుపు వేసుకుంది. లోపల గొళ్లెం పెట్టిన చప్పుడు మా గుమ్మం దాకా వినిపించింది.

శ్రీజ వెనక్కొచ్చి నా ముందు చెయ్యి చాపింది.

“మళ్లీ రాయమ్మా,” అంది, తెలుగులో.

కోన్ నేను అసెంబ్లీ రోజే చెత్తలో పారేశాను.