పక్క కిటికీ కాపలా

నా భార్యను ఆ షాపు నిలబెట్టి చంపింది. పదకొండేళ్లు బిల్లింగు కౌంటరు దగ్గర రోజుకు పది గంటలు నిలబడింది. కుర్చీ వేస్తే బద్ధకంగా కనిపిస్తారని కంపెనీ రూలు. కాళ్ల నరాలు ఉబ్బాయి. పుండ్లు పడ్డాయి. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి పోయింది. డాక్టరు కాగితం మీద ఏదో జబ్బు పేరు రాశాడు. ఆ పేరు నేను ఒప్పుకోను.

అలాంటి కంపెనీకి మేలు చెయ్యడానికి నాకు కారణమేదీ లేదు. అయినా చేశాను. అది చెప్పమన్నారు కాబట్టి చెబుతున్నాను.

మా షాపు మూడంతస్తులు. సూది దగ్గర నుంచి ఫ్రిజ్జు దాకా అన్నీ దొరికేవి. అది తెరిచిన ఏడాదే ఆ వీధిలో పంతొమ్మిది చిన్న కొట్లు మూతపడ్డాయి. కొట్టు మూసిన వాళ్లలో ఇద్దరు మా దగ్గరే నేల తుడిచే పనికి చేరారు. మేం జాలిపడలేదు. నవ్వుకున్నాం కూడా.

తర్వాత మా వంతు వచ్చింది. జనం వచ్చి, చెప్పులు తొడిగి చూసుకుని, అద్దంలో అటూ ఇటూ తిరిగి, లేబులును ఫోనులో ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు. కొనేది ఫోనులో. ఆ ఫోను దుకాణం కూడా మా కంపెనీదే. ఆర్డరు వస్తే మా షాపు వెనక గోడౌనులో చేతి మిషను మోగేది. దాన్ని మేం గన్ను అనేవాళ్లం. మోగాక ఎనిమిది నిమిషాల్లో సరుకు వెతికి, డబ్బాలో పెట్టి, టేపు వేసి, పక్క సందులోకి తెరుచుకునే కిటికీలోంచి బండి మీద వచ్చినవాళ్లకు అందించాలి. ఆలస్యమైతే గన్ను తెర ఎర్రబడుతుంది. నాలుగేళ్లలో నా తెర ఒక్కసారి కూడా ఎర్రబడలేదు. బోర్డు మీద నెలనెలా నా పేరే పైన ఉండేది. భార్య పోయిన నెలలో కూడా.

ఒక సోమవారం పొద్దున మేనేజరు అందరినీ వాషింగు మిషన్ల దగ్గర నిలబెట్టాడు.

"షాపు ఎత్తేస్తున్నారు. ఊరి బయట పెద్ద గోడౌను వస్తోంది. కావలసిన వాళ్లు కాంట్రాక్టరు దగ్గర పేరు రాయించుకోండి. అవసరమైన రోజు పిలుస్తాడు."

"అవసరం లేని రోజు?" అని ఎవరో అడిగారు.

"ఇంట్లో ఉండండి. విశ్రాంతి," అన్నాడు మేనేజరు.

అతను వెళ్లాక అందరం అక్కడే గుమిగూడాం. మేం నూట పన్నెండు మందిమి. ఫ్రిజ్జులు అమ్మే ఆయన ముందు నోరు విప్పాడు.

"జనమే ఫోనులో కొంటున్నారు. ఎవడి మీద కొట్లాడతాం? జనం మీదా?"

షాపు మైకులో ఆఫర్లు చదివే ఆమెను అందరం మైకక్క అంటాం. నా భార్య పక్క కౌంటరే ఆమెది. నా భార్యను అక్కా అనేది, నన్ను బావా అనేది.

"ఫోను నొక్కితే సరుకు ఫోనులోంచి రాలి పడుతుందా?" అంది మైకక్క. "ఎవడో తియ్యాలి, కట్టాలి, మొయ్యాలి. ఇక్కడా మనమే, అక్కడా మనమే. అక్కడ మాత్రం రోజు కూలీ. పొద్దున్నే గేటు ముందు నిలబడితే, వాడు వేలు చూపించినవాడికే పని."

"అయితే ఏం చేద్దామంటావ్?"

"తీసుకుంటే నూట పన్నెండు మందినీ ఒకే కాగితం మీద, పర్మనెంటుగా తీసుకోవాలి. అప్పటిదాకా ఇక్కడి సరుకు అంగుళం కదలదు. వాళ్లకు మనం అక్కర్లేదు. సరుకు కావాలి."

వాదన మధ్యాహ్నం దాకా సాగింది. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు భయపడ్డారు. భయపడ్డవాళ్లను పిరికివాళ్లని ఎవరూ అనలేదు. చివరికి అట్టముక్క మీద మైకక్క తీర్మానం రాసింది. ఒక్క లారీ కూడా కదలకూడదు.

బిల్లింగు ఆడవాళ్లు చేసిన మొదటి పని అమ్మకానికి పెట్టిన సోఫాల్లో కూర్చోవడం. అన్నాళ్లూ వాటిని తుడవడమే వాళ్ల పని. మైకక్క మైకు అందుకుని అదే ఆఫర్ల గొంతుతో చెప్పింది.

"గౌరవనీయులైన కస్టమర్లకు మనవి. ఈ రోజు ఆఫరు లేదు. సమ్మె ఉంది."

వెనక షట్టరు దగ్గర ఆరుగురిని పెట్టారు. పక్క కిటికీ నాకు అప్పగించారు.

"అక్కడ బావ ఉంటే దోమ కూడా దాటదు," అంది మైకక్క.

మొదటి రోజు సాయంత్రం గన్ను మోగింది. పసిపిల్లల పాలపొడి. ఏ పసిగుడ్డు ఏడుస్తోందో అనుకున్నాను. కట్టి ఇచ్చాను. అది లారీ కాదు కదా, పొట్లం.

మర్నాడు పొద్దున ముసలివాళ్లకు కట్టే డైపర్లు. అవీ ఇచ్చాను. తర్వాత మిక్సీ. తర్వాత ఫోను. తర్వాత వరసగా ఫోన్లు. కంపెనీ ఆన్‌లైనులో మా షాపు సరుకుకు సగం రేటు పెట్టిందని నాకు తెలియదు. ఊరంతా ఫోను నొక్కుతోందని తెలియదు. గన్ను మోగేది. నా కాళ్లు వాటంతట అవే వెనక గోడౌనులోకి పోయేవి. ముందు హాల్లో నమూనాకు పెట్టిన ఫ్రిజ్జులూ, అలంకరణకు పెట్టిన ఖాళీ పెట్టెలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. అసలు సరుకు వెనక గోడౌనులో. అది నా చేతుల మీదుగా బయటికి పోయింది.

గన్ను మోత ఎవరికీ వినపడలేదా అని అడుగుతారు. నాలుగేళ్లుగా వింటున్నదే. గోడ గడియారం చప్పుడు ఎవరు పట్టించుకుంటారు?

మూడో రోజున పొట్లాలకు వచ్చిన ఒక బండి అమ్మాయి హెల్మెట్టు తీసి నన్ను చూసింది.

"తాతా, లోపల సమ్మె అంట కదా. మరి నువ్వెందుకు ఇస్తున్నావు?"

"నీ పని నువ్వు చూసుకో," అన్నాను.

"నేను చూసుకుంటూనే ఉన్నా. నేను తీసుకెళ్లకపోతే రేపు నాకు ఆర్డరు రాదు. నీకేం తిప్పలు?"

కిటికీ వేసేశాను. గన్ను మళ్లీ మోగింది. మళ్లీ తెరిచాను.

ఆ రోజు నుంచీ నాకు తెలుసు. తెలియదని చెబితే అబద్ధం. అప్పుడు ఆపి ఉంటే ముందు రెండు రోజులూ చేసింది తప్పని ఒప్పుకోవాలి. ఒప్పుకోలేక ఇంకో ఆరు రోజులు చేశాను.

తొమ్మిదో రోజున చర్చలకని మేనేజరు వచ్చాడు. నవ్వుతూ వచ్చాడు.

"ఎన్నాళ్లయినా కూర్చోండమ్మా. అట్టపెట్టెలకు కాపలా ఉంటే మాకూ మంచిదే."

మైకక్క గోడౌనులోకి పరుగెత్తింది. ఆమె వెనక అందరూ. అరలన్నీ బోసిగా ఉన్నాయి. ఎలుక దాక్కునే చోటు కూడా లేదు.

"ఎవరు?" అంది మైకక్క.

"మీ పెద్దాయన్ని అడగండి," అన్నాడు మేనేజరు. "పద్నాలుగు వందల పొట్లాలు. ఈ నెల కూడా ఆయనే ఫస్టు."

ఫ్రిజ్జులాయన నా కాలరు పట్టుకున్నాడు.

"ఎంతకు అమ్ముడుపోయావు, ముసలోడా?"

"ఏమీ తీసుకోలేదు."

"తీసుకుని ఉంటే బాగుండేది. అర్థం చేసుకునేవాళ్లం."

ఆయన మాట నిజం. నా దగ్గర లంచం కూడా లేదు, చూపించుకోవడానికి.

మైకక్క నా ముందుకొచ్చింది. "అక్క ఉంటే ఆ గన్ను నీ చేతిలోంచి లాక్కునేది, బావా," అంది. తర్వాత అందరి వైపూ తిరిగింది. "తీర్మానం రాసింది నేను. లారీ అని రాశాను. పొట్లం అని రాయడానికి నాకు తోచలేదు. మీకెవరికీ తోచలేదు. ఆ కిటికీలోంచి షాపు మొత్తం పోతుందని మనం అనుకోలేదు. వాళ్లు అనుకున్నారు."

"ఇప్పుడు మన చేతిలో ఏముంది?" అన్నాడు ఫ్రిజ్జులాయన.

"ఏమీ లేదు. అయినా నా అంతట నేను లేవను. ఎత్తుకెళ్లమను. ఉండేవాళ్లు చేతులెత్తండి."

చేతులు లేచాయి. ఫ్రిజ్జులాయన చెయ్యి కూడా లేచింది. నేనూ ఎత్తాను. నా చెయ్యి ఎవరూ లెక్కపెట్టలేదు.

మర్నాడు పొద్దున పది గంటలకు పోలీసులు అద్దాల తలుపు పగలగొట్టుకుని వచ్చారు. తలుపు తీసే ఉంది. అయినా పగలగొట్టారు.

"గౌరవనీయులైన పోలీసువారికి మనవి," అంది మైకులో మైకక్క. "బిల్లింగు మూసేశాం. చేతికి దొరికింది పట్టుకుపోండి."

మావాళ్లు నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే లాఠీలు లేచాయి. ఆడవాళ్లను జుట్టు పట్టి ఈడ్చారు. సోఫాలకు అతుక్కున్నవాళ్లను సోఫాలతో సహా మోసుకెళ్లారు. మైకక్కతో సహా పదిహేను మందిని వ్యానులో ఎక్కించారు. నేను వెళ్లి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాను. పోలీసు నా భుజం పట్టాడు.

"ఆయన్ని వదిలేయండి సార్," అన్నాడు మేనేజరు. "మన మనిషి."

పోలీసు నన్ను మర్యాదగా కిందికి దించాడు. చొక్కా కూడా సరిచేశాడు. వ్యాను కిటికీలోంచి పదిహేను మందీ అది చూశారు.

పది రోజులకు ఊరి బయటి కొత్త గోడౌను గేటు ముందు బండ్లు ఆగిపోయాయి. ఆపింది, తీసుకెళ్లకపోతే రేపు ఆర్డరు రాదన్న ఆ బండి అమ్మాయే. ముందు ఏడుగురు గేటుకు అడ్డంగా కూర్చున్నారు, సాయంత్రానికి రెండు వందల మంది. లోపలి రోజు కూలీలు మిషన్లు కింద పెట్టి గేటు దాకా వచ్చారు. మా నూట పన్నెండు మందిలో బయట మిగిలినవాళ్లూ వెళ్లారు. పదిహేను మందినీ వదలాలి, కూలీలందరినీ ఒకే కాగితం మీద తీసుకోవాలి అని అడిగారు. బండి అమ్మాయి గోడ మీద బొగ్గుతో తీర్మానం రాసింది. లారీ కదలదు, బండి కదలదు, పొట్లం కదలదు, ఒక్కటి కూడా.

కాంట్రాక్టరు మనుషులు వచ్చి బెదిరించారు. ఎవరూ లేవలేదు. నేను రోడ్డు అవతల నిలబడి చూశాను. రమ్మని ఎవరూ పిలవలేదు. పొమ్మని కూడా అనలేదు.

జైలుకు తనను చూడబోయిన వాళ్లతో మైకక్క నాకు కబురు పంపింది. "గేటు దగ్గరికి కుర్రకారు వస్తున్నారు, చదువుకునే పిల్లలు వస్తున్నారు. వాళ్లకు జరిగింది తెలియాలి. నేను చెబితే నీ మీద నింద అవుతుంది. నువ్వే చెప్పు, బావా."

చెప్పాను. ఏదీ దాచలేదు. ఇది చెప్పేనాటికి పొట్లాలు గేటు లోపలే ఉన్నాయి, జనం గేటు బయటే ఉన్నారు. వాళ్లు రమ్మంటే వెళతాను. మొయ్యమన్నది మోస్తాను, తినమన్న దెబ్బ తింటాను. ఆ తొమ్మిది రోజుల సంగతి మాత్రం నన్ను ఇక అడగవద్దు. మైకక్క విడుదలై వచ్చి అడిగినా సరే, ఇక నోరు విప్పను.