ఇద్దరికి కొట్టిన గాలి

తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరుగారు భార్య పోయిన నాటినుంచి నేటివరకు ఒక్క కన్నీటి చుక్కయినా రాల్చలేదన్నది బంధుమండలి ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. అయిదు నెలల విచారణ అనంతరం మేనత్తలు "వట్టి బండరాయి" అని తీర్పు కూడా చెప్పేశారు. బావమరిది ఒక్కడే తీర్పు వాయిదా వేశాడు. పోయినది అతని అక్క. పదమూడేళ్ళు ఆమెతో కాపురం చేసిన మనిషికి ఆమె మీద ప్రేమ ఉండేదా లేదా అన్నది తేలితే తప్ప అతనికి అన్నం సయించేలా లేదు. అడుగుదామంటే నోరు రాదు. అందుకని సెలవురోజు చూసి, అక్క చూడాలని ఏళ్ళ తరబడి పోరిన ఎడారి రాళ్ళ దగ్గరికి బావను బయలుదేరదీశాడు.

దండయాత్రకు సన్నాహాలు ఘనంగానే జరిగాయి. బావమరిదిది టైర్ల కొట్టు. తెల్లవారుతూనే రెండు మోటారు సైకిళ్ళనూ కొట్టు ముందు నిలబెట్టి, పట్టపుటేనుగును ముస్తాబు చేసే మావటివాడి గాంభీర్యంతో గొలుసులకు నూనె పెట్టి, చక్రాలకు గాలి కొట్టాడు. సేనావాహినిలో రథాలు రెండు, ఉడికించిన గుడ్లు ఆరు, టీ ఫ్లాస్కు ఒకటి.

"హెల్మెట్టు పెట్టుకో బావా."

"పెట్టుకున్నానుగా."

"పట్టీ బిగించు మరి. ఊరికే నెత్తిన బోర్లిస్తే అది కిరీటం అవుతుంది."

ఇన్‌స్పెక్టరు నవ్వలేదు. పట్టీ బిగించాడు.

బావమరిది ముందు, బావ వెనక. రెండు గంటల్లో తారురోడ్డు అంతమై రాళ్ళు మొదలయ్యాయి. ప్రకృతి లక్షల ఏళ్ళపాటు గాలితో, ఇసుకతో చెక్కిన శిల్పాలకు పర్యాటక శాఖవారు ఒక్క మధ్యాహ్నంలో, అదీ భోజనానికి ముందే, నామకరణం చేశారని అక్కడి బోర్డులు చాటుతున్నాయి.

"ఒంటె అట. దీనికి మూపురమేదీ?" అన్నాడు బావమరిది. "పోనీ గాడిద అనుకుందాం బావా, మన సొమ్మేం పోయింది?"

ఇన్‌స్పెక్టరు రాతిని ఆపాదమస్తకం పరికించాడు. "ఎత్తు నలభై అడుగులని రాశారు. ముప్పై మూడుకు మించదు."

మహారాణి సింహాసనమనే రాతి నీడలో గుడ్లు ఒలుచుకున్నారు. బావమరిది ఓరకంట బావ ముఖాన్ని చూస్తూ బాణం వేశాడు. "ఈ రాతి ఫోటోనే అక్క ఫ్రిజ్జు తలుపుకి అంటించింది. గుర్తుందా?"

"ఉంది. ఇంకా అక్కడే ఉంది." ఇన్‌స్పెక్టరు గుడ్డు పెంకులన్నీ ఒక కాగితంలో పొట్లం కట్టాడు. "ఉప్పు తెచ్చావా?"

బాణం రాతికి తగిలి కింద పడింది. బండరాయే కాబోలు, అనుకున్నాడు బావమరిది. అనుకున్నాక అతనికి కోపమైనా రాలేదు. ఎండ మాత్రం తెల్లగా, చప్పుడు లేకుండా కాస్తోంది.

అక్కడినుంచి ఇసుక దారి. పది గజాలు పోయారో లేదో వెనక ధబ్బుమని చప్పుడైంది. బావమరిది ఆగి చూస్తే ఇన్‌స్పెక్టరుగారు బండితో సహా పక్కకు వాలి, శయనించి ఉన్నారు.

"దెబ్బ తగిలిందా?"

"లేదు. వెనక చక్రం జారింది."

బావమరిది బండి లేపి నిలబెట్టాడు. జేబులోని గాలి కొలిచే గేజీ తీసి వెనక చక్రానికి పెట్టి చూశాడు. ముప్పై మూడు. ఒక్క మనిషికైతే ఇరవై ఎనిమిది పౌన్లే చాలు; గాలి ఎక్కువైన చక్రం ఇసుకలో నిలవదు. పదమూడేళ్ళపాటు సెలవు వస్తే చాలు, ఆ బండి వెనక సీటులో అక్క ఉండేది. పొద్దున అతని బుర్ర ఎక్కడో ఉండగా చెయ్యి తన పని తాను చేసుకుపోయింది.

"తప్పు నాదే బావా." గేజీని బావ వైపు తిప్పాడు. "ఇద్దరికి కొట్టేశాను."

"తెలుసు."

"ఎప్పుడు తెలుసు?"

"మీ కొట్టు పక్క స్పీడు బ్రేకరు దగ్గరే. బండి ఎగిరింది."

"పొద్దున్నించీ తెలిసి నోరు మూసుకున్నావా? తూకంలో గ్రాము తేడా వస్తే కొట్టుకి తాళం వేయించే మనిషివి!"

ఇన్‌స్పెక్టరు చొక్కాకు అంటిన ఇసుక దులుపుకున్నాడు. బావమరిది వంగి చక్రం వాల్వు మీద గోరు ఆనించాడు. "గాలి తీసేస్తానుండు. ఒక్క నిమిషం."

"వద్దు."

"మళ్ళీ పడతావు బావా."

"మెల్లగా వస్తాలే. వద్దు."

ఆ రెండో 'వద్దు' మొదటి దానికంటే గట్టిగా ఏమీ లేదు. బావమరిది గోరు తీసి, వాల్వు మూత బిగించాడు.

ఇన్‌స్పెక్టరు బండి ఎక్కాడు. మోకాళ్ళు ట్యాంకుకు ఆనేటంత ముందుకు జరిగి, ఇరుకుగా కూర్చున్నాడు. వెనక ఒక మనిషికి సరిపడా సీటు ఖాళీగా మిగిలింది. పొద్దుటినుంచి ముందు నడిపిన బావమరిది ఇంతవరకూ ఇది చూడలేదు. ఇంజను ఆడుతోంది. ఇన్‌స్పెక్టరు వెంటనే కదలలేదు. వెనక మనిషి పాదాలు సర్దుకుని, భుజం మీద చెయ్యి వేసేందుకు ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆగాడు. తరువాత క్లచ్చు వదిలాడు.

ఈ సాక్ష్యాన్ని మేనత్తలకు సమర్పించాలన్న ఊహ బావమరిదికి రాలేదు. గేజీ జేబులో పెట్టుకుని, ఇసుక దారి పొడవునా బావ వెనకనే నడక వేగంతో బండి నడిపాడు. ఒక్కసారి కూడా దాటిపోలేదు.