మంచు పట్టని చోటు

గేటు పక్క బెంచీని నున్నటాయన అన్నిటికంటే చివర తుడుస్తాడు. ముందు ఆరుబయట వరసగా పెట్టిన కుర్చీలు, గుండ్రటి బల్లలు, వాలుకుర్చీలు. అన్నీ ఓడల మీద వచ్చిన టేకు సామానే. పొడిగుడ్డతో మంచు తుడిచి, ఒక్కొక్క కుర్చీలోనూ కూర్చుని లేస్తాడు. కీచుమంటే పక్కకు జరుపుతాడు. కొట్లో ఆయన పని అదీ, గరుకు కాగితంతో రుద్ది చెక్కను నునుపు చేయడమూను. దానికి తోడు తల మీద ఒక్క వెంట్రుకైనా లేకపోవడంతో ఆ పేరు గట్టిగా అతుక్కుపోయింది.

గేటు పక్క బెంచీ ఎండకు ఎండి, వానకు తడిసి వెండిరంగుకు తిరిగింది. ఓడ దిగిన రోజునే దాని వెనకకాలు ఒకటి పాలిపోయిన లేతచెక్క అని తేలింది. చేవ లేని కాలు. మిగతా ఒళ్లంతా రాయిలా ఉన్నా, తడినేల మీద ఆ ఒక్క కాలూ పుచ్చిపోతుంది. ఎవరూ కొనకపోతే, వచ్చేపోయేవాళ్లు కూర్చోడానికని గచ్చు మీద వేశారు. ఆ వచ్చేపోయేవాళ్లలో ఆయన భార్య ఒకతె. మధ్యాహ్నం క్యారియరు తెచ్చి, ఆయన చేతులు కడుక్కుని వచ్చేలోగా ఎడమ చివర తల వెనక్కి ఆనించి ఓ కునుకు తీసేది. తలనూనె ఇంకి ఇంకి అక్కడ అరచేయంత నల్లమచ్చ పడింది.

నిరుడు వానల్లో ఆవిడ పోయింది. అప్పటినుంచీ చూస్తున్నాడు. బెంచీ అంతా మంచు పట్టినా ఆ మచ్చ మీద మాత్రం పట్టదు. నూనె తాగిన చెక్క కదా, తడి నిలవదులే అని మొదట్లో తనకు తానే చెప్పుకున్నాడు. నిజమే కావచ్చు. చేయి వేస్తే వెచ్చగా ఎందుకుంటుందో మాత్రం చెప్పుకోలేకపోయాడు.

“అత్త అప్పుడే వచ్చేసిందా మామా? క్యారియర్లో ఏం తెచ్చిందో చూడు,” అన్నాడు వ్యాను డ్రైవరు పొడిగా ఉన్న మచ్చ చూసి, రోజూ అనేట్టే. వాడు ఆ మాట అనని రోజు నున్నటాయనకు ఏదో వెలితిగా ఉంటుంది.

ఇవాళ వాడి వెనకే యజమాని కూడా వచ్చాడు.

“మామా, కొత్త సరుకు రేవులో ఆగిపోయింది. మధ్యాహ్నం ఒకావిడ వస్తుంది, బెంచీ కావాలట. దీన్నే కాస్త రుద్ది కొత్తదానిలా చేసెయ్యి.”

“దీని కాలు మంచిది కాదు బాబూ.”

“ఇన్నేళ్లు నిలబడలా?” అని, బెంచీ వైపు చూడకుండా గొంతు తగ్గించాడు. “నాకు తెలుసు మామా. ఏం చేయను, ఇస్తానని మాటిచ్చేశాను.”

నున్నటాయన కుడి చివరనుంచి మొదలుపెట్టాడు. బూడిదరంగు పొడి రాలిపోయి కింద తేనెరంగు తేలింది. పాత తోలు వాసన లాంటి టేకు వాసన లేచింది. ఆవిడ పక్కన తాను కూర్చునే చోటు కూడా అయిపోయింది. మచ్చ అంచుకు వచ్చేసరికి చేయి ఆగింది. కాగితం మడత మార్చాడు. ఈసారి టేకు వాసన కాదు, తలనూనె వాసన. వెనక క్యారియరు పిడి టక్కుమంది. తిరిగి చూశాడు. గాలికి గేటు గొళ్లెం ఊగుతోంది. మళ్లీ కాగితం ఎత్తాడు గానీ చేయి ముందుకు సాగలేదు. భోజనం కూడా మరిచి అలాగే నిలబడ్డాడు.

బెంచీ కొనడానికి వచ్చినావిడ ఆయన్ని అట్లాగే నిలబడి ఉండగా చూసింది.

“ఏమండీ, కొనేముందు ఏం చూసుకోవాలి?”

“తిరగేసి చూడండమ్మా. పైరంగు చూడకండి, అది ఎలాగూ ఎండకు పోతుంది. అతుకులు చూడండి, చేవ చూడండి. ఆ వెనకకాలు లేతది, తడి తగిలితే పుచ్చిపోతుంది. నేనైతే కొనను.”

ఆవిడ వెనకే వచ్చిన యజమాని గొంతు సవరించుకున్నాడు. ఆ చివరి మాట ఆవిడ మేలుకోరి అన్నది కాదని నున్నటాయనకు తెలుసు.

ఆవిడ వంగి కాలు తట్టి చూసింది. “మాది గచ్చు వాకిలేలెండి. పైన రేకు కూడా ఉంది,” అంటూ సరిగ్గా ఎడమ చివరే కూర్చుని తల ఆనించింది. నున్నటాయన చేయి దానంతటదే లేచి, గాలిలో ఆగి, దిగిపోయింది.

“ఇక రుద్దకండి బాబాయిగారూ,” అంది ఆవిడ. “మా అమ్మ కోసం ఇది. కొత్తగా మెరిసిందంటే పాడైపోతుందని దాని పక్కన చాప వేసుక్కూర్చుంటుంది. ఈ మచ్చ చూస్తే, ఎవరో ముందే పాడుచేశార్లే అని హాయిగా కూర్చుంటుంది.”

యజమాని పకపకా నవ్వాడు. నున్నటాయనా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ.

“మీ అమ్మగారు తలకు నూనె రాస్తారా అమ్మా?”

“రాయడమా! కారుతూ ఉంటుంది.”

“అయితే ఈ చివరే కూర్చోమనండి. ఇక్కడ బాగుంటుంది.”

పొద్దున వ్యాన్లో పంపుతామని చెప్పి యజమాని ఆవిణ్ణి సాగనంపాడు. సాయంత్రం కొట్టు కట్టేవేళ నున్నటాయన గరుకు కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఎడమ చివర వదిలేసి, పక్కన తన చోటులో కూర్చున్నాడు. కొత్తగా రుద్దిన చెక్కకు తల ఆనించాడు.

“మామా, అత్త ఇంటికెళ్లిపోయింది, నువ్వూ పద,” అన్నాడు డ్రైవరు తాళాలు ఆడిస్తూ. దగ్గరికొచ్చి భుజం తట్టాడు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. యజమానికి కేక వేసి, ఆయన వచ్చేదాకా నున్నటాయన కాళ్ల దగ్గరే గచ్చు మీద కూర్చుండిపోయాడు.

పొద్దున బెంచీని వ్యానెక్కించడానికి వచ్చిన డ్రైవరు పొడిగుడ్డ చేతిలో పట్టుకుని, తుడవకుండా నిలబడిపోయాడు. రుద్దిన చెక్క మంచు తాగి ముదురురంగుకు తిరిగింది. ఎడమ చివర నూనెమచ్చ ఎప్పటిలాగే పొడిగా ఉంది. దాని పక్కన, నూనె ఎరగని తల ఆనిన చోట, అరచేయంత మేర, తేనెరంగు చెక్క కూడా.