బొటనవేలి పరీక్ష

బొడ్డమ్మ కవిటి పక్కన పుట్టిన ఉద్దానం ఆడపిల్ల. తండ్రినీ అన్ననూ కిడ్నీ జబ్బే మింగేసింది. టెక్కలి దగ్గర ఈ ఊరికి కోడలై వచ్చినా ఆ భయం ఆమె వెంటే వచ్చింది. రోజూ తెల్లారగానే మొగుడు అప్పలరాజు చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కుతుంది. గుంట పడి అలాగే ఉండిపోతే కిడ్నీ చెడి ఒంటికి నీరు పట్టినట్టు. పడకపోతే ఆ పూటకి గండం గడిచినట్టు.

అప్పలరాజుకి ఏడాదిగా దగ్గు. కొబ్బరిచెట్టు సగం ఎక్కేసరికి ఆయాసం. బొడ్డమ్మ నూతి నీళ్లను అనుమానించి, తాగడానికి టిన్ను నీళ్లు కొనిపించింది. ఊరి పక్క క్రషర్ రాళ్లను పిండి చేసి ఇళ్ల మీదికి తోలుతోందని తెలియక కాదు. ఆరేసిన చీర దులిపితే తెల్లగా రాలేది. తిట్టుకుంటూ మళ్లీ ఉతుక్కునేది, అంతే. దుమ్ము పాడుచేసేది బట్టల్నే, ప్రాణం తీసేది నీళ్లేనని ఆమె లెక్క. ఏం చేస్తుంది పాపం, చిన్నప్పటి నుంచీ చూసినవి ఆ చావులే.

క్రషర్ వాళ్లు ఊళ్లో ఉచిత వైద్య శిబిరం పెట్టారు. రక్తం తీసి, కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయన్నారు. బొడ్డమ్మ ఆ పూట సంబరంగా చేపల పులుసు వండింది.

దగ్గు మాత్రం తగ్గలేదు. రెండో శిబిరంలోనూ రక్తమే తీశారు, అదే మాట చెప్పారు. అప్పుడు ఆమె కళ్లు డాక్టరు మెడలోని గొట్టం మీద పడ్డాయి. ఇంతమంది దగ్గుతుంటే ఒక్కరి ఛాతీ మీదా దాన్ని పెట్టడేం? ఓసారి పెట్టి చూడమంది. డాక్టరు పక్క కుర్చీలోని క్రషర్ మేనేజరు కేసి చూశాడు. మేనేజరు టైమైపోయిందన్నాడు. ఆ చూపు బొడ్డమ్మకి ముల్లులా గుచ్చుకుంది. ఈ ఉచితం వెనక ఏదో ఉందని మనసు పీకడం మొదలైంది.

మొగుణ్ణి శ్రీకాకుళం తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించింది. అక్కడి డాక్టరమ్మ రాళ్ల పని ఎన్నేళ్లు చేశావని అతన్ని అడిగింది.

"రాయి ముట్టనేదమ్మా. కొబ్బరికాయలే దింపుతాను," అన్నాడు అప్పలరాజు.

అయితే ఇల్లెక్కడని అడిగింది. విన్నాక, రాతిపొడి చేరి ఊపిరితిత్తులు గట్టిపడ్డాయనీ, పోయింది తిరిగి రాదనీ, దుమ్ముకి దూరంగా ఉంటే మిగిలిందైనా నిలవొచ్చనీ చెప్పింది. బొడ్డమ్మ తన బొటనవేలు చూసుకుని భోరుమంది. ఏడాదంతా నొక్కింది కాలు, పోతున్నది ఊపిరి.

మూడో శిబిరం రోజున అందరికన్నా ముందు మొగుణ్ణి కూర్చోబెట్టింది. నర్సు సూది తీసింది. బొడ్డమ్మ అతని చొక్కా చేయి కిందికి లాగేసి, గుండీలు విప్పింది.

"రగతం సాలా ఇచ్చీసినాం. గొట్టం ఎట్టి సూడండి," అంది.

డాక్టరు మళ్లీ మేనేజరు కుర్చీ కేసి తిరిగాడు.

"అటేటి సూత్తారు బాబూ? దగ్గుతున్నోడు మా ఆయన."

వెనక వరసలో మగవాళ్లు ఒక్కొక్కరే చొక్కా గుండీలు విప్పుకోసాగారు.