కారే దీపం

ఆ ఇంట్లో ముందుగదిని తోడికోడళ్ళిద్దరూ చెరిసగం పంచుకున్నారు. కిటికీ వైపు పెద్దావిడది. అక్కడ కుట్టుమిషను, గుడ్డల మూట, గుండీల డబ్బా ఉంటాయి. తలుపు వైపంతా వైర్లూ, స్టాండ్లూ, స్క్రూడ్రైవర్లూ. అది చిన్నావిడ రాజ్యం. పెద్దావిడ నాటకాలకి బట్టలు కుడుతుంది, చిన్నావిడ దీపాలు చూసుకుంటుంది. పెద్దావిడ భర్త నాటకాలు రాసి ఆడిస్తాడు. చిన్నావిడ భర్త వ్యాను నడుపుతాడు, అవసరమైతే స్టేజీ మీద శవంగా కూడా పడుకుంటాడు.

వాళ్ళవి చిన్న ప్రదర్శనలు. గ్రంథాలయం పై అంతస్తులోనో, ఏ బడి హాల్లోనో జరుగుతాయి. కుర్చీలు వేసినవాళ్ళే తర్వాత వాటిలో కూర్చుని నాటకం చూస్తారు.

ఆ ఏడాది వాళ్ళకున్న దీపాలు రెండూ ఒకదాని వెనక ఒకటి పోయాయి. అవి కదలని రకం. ఎటు తిప్పి బిగిస్తే అటే చూస్తూ కూర్చునేవి.

"మీ హీరో ఎప్పుడు చూసినా వెలుగు బయట నించునే ఏడుస్తున్నాడు బావగారూ," అంది చిన్నావిడ. "ఈసారి మెడ తిరిగే దీపాలు కొందాం."

"కొంటే కొత్తవే కొందాం," అన్నాడు బావగారు. "పాతవి కొంటే ఎవరి తలనొప్పో మనం మోయాలి."

చిన్నావిడకీ మనసులో కొత్తవే కావాలని ఉంది. బావగారు రాసిన కొత్త నాటకం చివర్లో ఒక తల్లి కటిక చీకట్లో ఇల్లంతా వెతుకుతూ తిరగాలి. మనిషి కనపడకూడదు, అడుగుల చప్పుడు మాత్రం వినపడాలి. పాత దీపాలు ఆర్పినా ఎర్రగా కాసేపు మినుకుమంటూ ఉండేవి. నిఖార్సైన చీకటి ఒక్కసారైనా స్టేజీ మీదకి తేవాలని ఆవిడకి ఎన్నాళ్ళ నుంచో కోరిక.

ఆ తల్లి వేషానికి మెడ నుంచి మడమల దాకా నల్లటి అంగీ కావాలి. పెద్దావిడ దాన్ని కత్తిరించి చాలా రోజులైంది, కుట్టడం మాత్రం ముందుకి సాగట్లేదు. ఎందుకు సాగట్లేదో చిన్నావిడ ఒక్కదానికే తెలుసు. "చేతులు తడిగా ఉన్నాయే, కాస్త దారం ఎక్కించి పెట్టు," అని పెద్దావిడ రోజూ సూది అందిస్తోంది. చేతులు చూస్తే పొడిగానే ఉంటున్నాయి.

ఒకరోజు వంటింట్లో గిన్నెలు తుడుస్తూ తనే బయటపడింది. "ఈ నాటకంతో మానేస్తానే. ఇక అద్దాలు మార్చినా లాభం లేదన్నాడు కళ్ళ డాక్టరు. నలుపు మీద నలుపు దారం నాకు అసలు ఆనట్లేదు. ఆ తర్వాత బట్టలు అద్దెకి తెచ్చుకోండి. మీ బావగారికి చెప్పకు, ఆట అయ్యాక నేనే చెప్తాను."

చిన్నావిడ పిండిన గుడ్డనే మళ్ళీ పిండింది.

దీపాల కొట్టుకి నలుగురూ వ్యానులో వెళ్ళారు. పక్క వీధిలో దారాలు కొనాలని పెద్దావిడ కూడా ఎక్కింది. కొట్టు యజమానికి ఏడాది పొడుగునా జలుబే, అందుకని అందరూ ఆయన్ని జలుబాయన అంటారు. ఆయన ముందు కొత్త దీపాన్ని అట్టపెట్టె లోంచి తీసి, బల్ల మీద పెట్టి, మీట నొక్కాడు. అది నిద్రలేచిన మనిషిలా మెడ అటూ ఇటూ తిప్పి, ఒకసారి తల వంచి ఎత్తి, నిలబడింది. ఇంత చప్పుడు కూడా లేదు. వెలుగు పడమన్న చోట పడింది. అంచులు కత్తెరతో కోసినట్టున్నాయి. ఆపగానే ఠక్కున పోయింది.

"ఇదే," అన్నాడు బావగారు.

"పాతవీ చూసేద్దాం. చూస్తే పోయేదేముంది?" అంది చిన్నావిడ. మెషీను కనపడితే విప్పి చూడకుండా ఉండలేదావిడ.

పాతవి వెనక గదిలో ఉన్నాయి. పెద్ద పెద్ద సంగీత కచేరీలు చేసే కంపెనీ ఒకటి వాటిని వదిలించుకుందట. మొదటిదాని మెడ తిరుగుతుంటే లోపల ఇసుక నములుతున్నట్టు చప్పుడొచ్చింది. చిన్నావిడ దాన్ని పక్కకి తోసేసింది. రెండోదాని ఒంటి మీద అరచెయ్యి వేసి అదురు చూసింది, మాడు వాసనేమైనా వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టి చూసింది, రంగుల చక్రం తిప్పించింది. మెడ కొత్తదాని కన్నా చురుగ్గా ఉంది. వెలుగు వెచ్చగా, మీగడ రంగులో ఉంది. లోపలి ఫ్యాను కాస్త గురక పెడుతోంది, అంతే.

అప్పుడు అద్దం కింది అంచున వెలుగు గుండుసూది తలంత ఊరింది. ఊరి, సాగి, టప్పుమని నేల మీద పడింది.

జలుబాయన కాలితో బకెట్టు లాగి దాని కింద పెట్టాడు. "వాషరు అరిగిపోయిందమ్మా. వయసైన దీపాలన్నీ కాస్తో కూస్తో కారతాయిగా. కావాలంటే మార్చిస్తా, పావుగంట పని."

దారం ఉండలు కొనుక్కుని అప్పుడే లోపలికొచ్చిన పెద్దావిడ, కారే కొళాయి కింద పెట్టినట్టు, చుక్క కింద చెయ్యి పెట్టింది.

"అయ్యో, చెయ్యి పెట్టకండి! అంటుకుంటే సబ్బుకి కూడా పోదు. దానంతట అదే ఆరాలి," అంటూ జలుబాయన తుమ్మాడు.

"ఇంత చల్లగా ఉందేమిటో," అంటూ ఆవిడ వేళ్ళని రుమాలుతో తుడుచుకుంది. రుమాలుకీ అంటింది కానీ వేళ్ళది పోలేదు.

తిరిగొస్తుంటే వ్యాను ముందు సీట్లో అన్నదమ్ములిద్దరూ కొనబోయే కొత్తవి ఎక్కడ వేలాడదీయాలో మాట్లాడుకుంటున్నారు. వెనక సీట్లో పెద్దావిడ, ఊరికే కూర్చోవడం చేతకాక, సంచిలోంచి అంగీ చెయ్యి తీసి, సూది తీసి, దారం కొస తడిపి ఎక్కించింది. దారం ఒక్క దెబ్బకి దూరిపోయింది. ముడి వేసేదాకా ఆవిడకే తెలియలేదు. అప్పుడు సూదిని పైకెత్తి చూసుకుంది. మినుకుమినుకుమంటున్న తన మూడు వేళ్ళనీ చూసుకుంది. ఆ తర్వాత తోడికోడలి వైపు చూసింది.

చిన్నావిడ కిటికీ లోంచి బయటికి చూస్తున్నట్టు నటించింది.

ఇంటికెళ్ళాక, "ఒకటి కొత్తది, ఒకటి పాతది తీసుకుందాం. ఆ కారేదే," అంది.

"చీకటి చీకటి అని మా ప్రాణాలు తోడింది నువ్వే కదమ్మా!" అన్నాడు బావగారు.

"కారితే నా కాళ్ళ మీదే కారుతుంది," అన్నాడు ఆవిడ భర్త. "శవం కాళ్ళు వెలుగుతుంటే జనం ఏడుస్తారా, నవ్వుతారా?"

"కింద గిన్నె పెడతాను."

"గిన్నె ఎందుకు? పావుగంట పనేనన్నాడుగా, వాషరు మార్పించేద్దాం," అన్నాడు బావగారు. మాట సబబుగానే ఉంది.

చిన్నావిడ ఒక్క క్షణం తడబడింది. "వాషరు మారిస్తే మెడ బిగుసుకుపోతుంది బావగారూ."

దీపాల మాటొస్తే ఆయన ఆవిడకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. సరేనన్నాడు.

పెద్దావిడ మాత్రం వంటింట్లో పట్టుకుంది. "నిజంగా మెడ బిగుసుకుపోతుందా?"

"ఆఁ."

"నా కోసం అబద్ధాలాడకు. నీకు ఆ చీకటంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు."

"నీకు దీపాల సంగతి తెలుసా అక్కా?"

"తెలీదు."

"మరి ఊరుకో."

దీపాలు ఇంటికొచ్చిన రోజు నుంచి ముందుగదిలో పాత దీపం కింద ఒక స్టీలు గిన్నె ఉండేది. పెద్దావిడ పొద్దున్నే అందులో వేళ్ళు ముంచుకుని మిషను ముందు కూర్చునేది. గిన్నె మీద మూత పెట్టడం అలవాటయ్యేలోపు పిల్లి ఒకసారి మూతి పెట్టి, ఆ మూతితోనే వీధంతా తిరిగొచ్చింది. అంగీ మొదటి చెయ్యి పూర్తయింది, రెండోదీ అయింది. ఆట ముందురోజు సాయంత్రానికి కింది అంచు మడతతో సహా అయిపోయింది.

"బాగా కుట్టావు," అన్నాడు బావగారు, అంగీని వెలుతురుకి ఎత్తిపట్టి. ఆవిడ ఏదో చెప్పబోయి, "రేపు ఆట కానీండి, చెప్తాను," అంది.

గ్రంథాలయం పై అంతస్తు నిండింది. కొత్త దీపం ఎదురుగా, పాతది పక్కగా వేలాడుతున్నాయి. దాని కింద గిన్నె ఉంది. హీరో ఎటు నడిస్తే అటు వెలుగు వెంట నడిచింది, అతను మొదటిసారి వెలుగులో నిలబడి ఏడ్చాడు. శవం కాళ్ళ మీద ఒక్క చుక్కా పడలేదు.

చివరి ఘట్టం వచ్చింది. చిన్నావిడ గిన్నె మీద మూత పెట్టి రెండు దీపాలూ ఆర్పేసింది. పాతదాని మూతికి గుడ్డ చుట్టింది.

చీకటి పడింది. ఎన్నాళ్ళుగానో ఆవిడ కోరుకున్న చీకటే. ముందు వరసలో ఎవరో ఊపిరి బిగబట్టడం వినపడింది. స్టేజీ మీద అడుగుల చప్పుడు మొదలైంది.

అడుగులతో పాటు ఒక గీత కనపడింది.

ముందు మెడ చుట్టూ సన్నటి వలయం, తర్వాత భుజాల కుట్లు. ఆ పైన చేతుల పొడవునా, పక్కల వెంట, కింది అంచు చుట్టూ. మనిషి లేదు, గుడ్డ లేదు, కుట్లు మాత్రమే నడుస్తున్నాయి. ఆ వేళ్ళ నుంచి దారం వెలుగు పీల్చుకుందని పట్టపగలు కిటికీ పక్కన ఎవరూ కనిపెట్టలేదు. దారంతో గీసిన తల్లి వంగింది, గుమ్మం దగ్గర ఆగింది, లేని మంచం కింద వెతికింది. హాల్లో ఎవరి కుర్చీ కిర్రుమనలేదు.

నా చీకటి పోయింది, అనుకుంది చిన్నావిడ. చెయ్యి దానంతట అదే మీట మీదకి వెళ్ళింది. వెలుగు వేసేస్తే ఘట్టం అక్కడితో ముగిసిపోతుంది. కుట్ల మసక వెలుగులో పక్కన ఎవరో కదిలినట్టయింది. పెద్దావిడ. ఎప్పుడూ తెర వెనక గోడ పట్టుకుని, ఏమీ ఆనక, మాటలు మాత్రం వింటూ నిలబడే మనిషి, ఇప్పుడు గోడ వదిలేసి రెండడుగులు ముందుకొచ్చి స్టేజీ వంక సూటిగా చూస్తోంది.

చిన్నావిడ మీట మీంచి చెయ్యి తీసేసింది.

"కనపడుతోందా అక్కా?" అని చెవిలో అడిగింది.

పెద్దావిడ ఆ కుట్లు స్టేజీ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేదాకా కళ్ళు తిప్పుకోకుండా చూసింది.

"ఎడమ చంక కింద వంకరపోయిందే," అంది గుసగుసగా, చిరాగ్గా. "రేపు విప్పి మళ్ళీ కుట్టాలి."