వత్తికి గుడ్డ

దీపావళి సాయంత్రం మా అత్త అరుగు మీద కూర్చుని గోగుకాడల కట్ట విప్పింది. “యమునా, మీ నాన్న పంచొకటి అట్టుకురాయే,” అంది. యమున నా వైపు చూసింది. బీరువా తాళాలు నా నడుముకే ఉన్నాయి.

యమున మా అమ్మాయి. ఐదో తరగతి చదువుతోంది. వాళ్ళ నాన్న జగన్నాధం వైశాఖంలో పోయారు.

ఏడాది తిరగని ఇంట్లో పండగ లేదు. మూకుడు పొయ్యెక్కకూడదు కనుక బూరెలు పక్కింటి నుంచి వచ్చాయి. మతాబాలు కొనలేదు. గోగుకాడలు మాత్రం మానకూడదని అత్త ముందే చెప్పింది. కాడల కొనలకు పాత నేతగుడ్డ వత్తులు కట్టి, నూనెలో ముంచి వెలిగించి, పిల్లలు వాకిట్లో నేలకు కొడతారు. ఆ వెలుగు పోయినవాళ్ళకు దారి చూపుతుందంటారు. మా ఇంట్లో ఏటేటా తన నలిగిన పంచె ఒకటి చింపి వత్తులు చేసేది ఆయనే. నేను వంటింట్లో ఉండేదాన్ని. కాడలు కూడా ఆయన చేలోవే. ఇప్పుడు చేను కౌలుకిచ్చాం. కౌలుకు చేస్తున్న గంగులు మరిచిపోకుండా కట్ట పంపాడు. ఈసారి దారి చూపవలసింది ఆయనకే.

పంచెలు ఇంట్లో లేవు.

అదంతా దసరా సెలవుల్లో మొదలైంది. నేను పంతులమ్మని. బడి ఉన్నన్నాళ్ళూ పిల్లల గోలలో పగలు గడిచిపోయేది. సెలవులిచ్చాక ఇంట్లో చప్పుడు లేకుండా పోయింది. ఫోన్లో పండగ ఆఫర్లు వచ్చాయి. మొదట యమునకు ఒక గౌను తెప్పించాను. పెట్టె తెరిచి అది నవ్వింది. చాలా నెలల తర్వాత నవ్వింది. అందుకని ఇంకోటి తెప్పించాను. తర్వాత నాకు చీరలు, దుప్పట్లు, కర్టెన్లు, ఉన్న మిక్సీ బాగానే ఉండగా మరో మిక్సీ. పెట్టె వచ్చేదాకా ఎదురుచూడడానికి ఒకటుండేది. విప్పిన కాసేపు బాగుండేది. సాయంత్రానికి మళ్ళీ ఫోను తీసేదాన్ని. జీతం పడకముందే అయిపోయింది. ఏడాది తిరిగేదాకా కొత్తబట్ట కట్టకూడదు కనుక కొన్నవాటిలో ఏదీ ఒంటి మీదికి రాలేదు. మడత విప్పకుండా బీరువాలో పెట్టాను.

కొన్నాళ్ళకు బీరువాలో చోటు చాలలేదు. ఆయన అర ఒకటే కదలకుండా ఉంది. దాన్ని తెరిచే ధైర్యం లేక అన్నాళ్ళూ వదిలేశాను. ఆ రోజు తెరిచాను. ఆయన గుర్తుకొచ్చి తెరిచానని చెప్పుకోవచ్చు. కొత్త దుప్పట్లు పెట్టడానికి తెరిచాను.

అత్త అప్పుడు శ్రీకూర్మంలో కూతురింట ఉంది. వీధిలో పాతబట్టలకు స్టీలు సామాన్లిచ్చే మనిషి కేక వినపడింది. పిలిచాను. ఆయన ప్యాంట్లు, చొక్కాలు తిప్పి తిప్పి చూసి ఒక చిన్న బేసిను ఇస్తానంది. ఆమె గంపలో పెద్ద టబ్బు ఒకటి మెరుస్తోంది. మాకు దాని అవసరం లేదు. అయినా అడిగాను.

“టబ్బు గావాలంటే ఇంకో నాలుగు గుడ్డలు పడాలమ్మా,” అంది.

లోపలికి వెళ్ళి పంచెలు, లుంగీలు అన్నీ తెచ్చాను. నేతవి తనకంతగా పనికిరావని, గ్యారేజీల వాళ్ళు చేతులు తుడుచుకోవడానికి మాత్రం కొంటారని చెప్పి ఆమె మూట కట్టుకుంది. నేను టబ్బును వెలుతురుకు పట్టుకుని ఎక్కడైనా సొట్టలున్నాయేమోనని చూసుకున్నాను.

“ఇస్త్రీకిచ్చానత్తా,” అన్నాను ఇప్పుడు.

“సింపడానికి తెమ్మంటే ఇస్త్రీ ఏటే? ఆడేటి పెళ్ళికెల్తన్నాడా?” అంది అత్త, కాడలు ఏరుతూనే.

మరో గుడ్డ ఏదైనా సరిపోతుందని లోపల వెతికాను. ఎక్కడ చెయ్యి పెట్టినా కొత్తవే. వంటింట్లో మసిగుడ్డలు కూడా ప్యాకెట్లో వచ్చినవే. చివరికి, అచ్చమైన నూలు అని చీటీ ఉన్న దుప్పటి అంచు కత్తిరించి తెచ్చాను. అత్త దాన్ని వేళ్ళతో నలిపి చూసి వత్తి చుట్టింది. యమున అగ్గిపుల్ల గీసింది. వత్తి నిలిచి మండలేదు. ముడుచుకుపోయి, నల్లటి బొట్లుగా కారింది. ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. ఇరుగుపొరుగు వాకిళ్ళలో పిల్లలు అప్పటికే కాడలు కొడుతున్నారు.

యమున నా నడుము నుంచి తాళాలు తీసుకుని లోపలికి వెళ్ళింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నాన్నవి ఒక్కటీ లేవు. అన్నీ మనవే ఉన్నాయి,” అంది.

అప్పుడు చెప్పాను. చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేకపోయింది. అత్త చేతిలోని కాడ పక్కన పెట్టింది.

“ఏటిచ్చినాది?” అని అడిగింది.

కుళాయి దగ్గరున్న టబ్బు చూపించాను. కాడలు కొట్టి వచ్చాక కాళ్ళు కడుక్కోవడానికి అందులో నిండా నీళ్ళు పట్టి పెట్టింది నేనే. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అత్త లేచి లోపలికి వెళ్ళి తన నేతచీర ఒకటి తెచ్చింది. ఉతికి ఉతికి మెత్తబడి, అంచు రంగు పోయిన చీర. కొస పంటితో కొరికి పొడుగ్గా చింపింది.

“అది నాన్న గుడ్డ కాదు కదా మామ్మా,” అంది యమున.

“ఆడు పుట్టినప్పుడు కొత్తబట్ట ఎయ్యకూడదని నా పాత సీరలోనే సుట్టినారు. ఆడికిది తెలుస్తాది,” అంది అత్త, చింపడం ఆపకుండా. ఒక పీలిక నా ఒళ్ళో పడేసింది. “సుట్టు. ఊరికే నిలబడితే ఏటవుతాది?”

కూర్చుని చుట్టాను. నేను చుట్టిన వత్తి ఒకసారి ఊడిపోయింది. అత్త దాన్ని మళ్ళీ బిగించి నూనెలో ముంచింది. యమున రెండు కాడలు వెలిగించుకుని వాకిట్లోకి వెళ్ళి నేలకు కొట్టింది. మంట చెదిరింది కానీ ఆరలేదు. కాడలు అక్కడే వదిలేసి వెనక్కి చూడకుండా లోపలికి రావాలి. యమున చూడలేదు. నేను చూశాను.

అత్త టబ్బులో చెంబు ముంచి యమున కాళ్ళ మీద నీళ్ళు పోసింది. తర్వాత నన్ను రమ్మంది. నేను బిందెలో నీళ్ళతో కడుక్కుంటానన్నాను.

“ఇంటికి వచ్చీసినాది కదా. ఇంకెక్కడికి ఎల్తాది? ఇందులోనే కడుక్కో,” అంది.

కాళ్ళు ముందుకు పెట్టాను. అత్త వంగి నీళ్ళు పోసింది.

బడికి వెళ్ళే దారిలో రెండు గ్యారేజీలున్నాయి. ఇప్పుడు నేను బస్సులో అటువైపు కిటికీ దగ్గర కూర్చోను.