చూసుకునే మనిషి

తమ్ముడికి పక్షవాతం వచ్చి మూడేళ్లయింది. దుకాణాలకు బోర్డులు రాసే కుడి చెయ్యి పడిపోయింది, దాంతోపాటు కాలూ. మాట మిగిలింది గానీ నెమ్మదించింది. పెళ్లాం పిల్లలు లేరు, ఉన్నదల్లా ఒక్క అక్క. ఆమె సిటీ బస్సు నడుపుతుంది. తమ్ముడి అద్దె, మందులు, చూసుకునే మనిషి జీతం అన్నీ ఆమే భరించేది. ఒక్క నెల కూడా ఆలస్యం చెయ్యలేదు. అందుకోసం సెలవు రోజున కూడా డ్యూటీకి వెళ్లేది.

చూసుకునే మనిషిని తమ్ముడు వరస కలిపి "మామా" అని పిలిచేవాడు. ఇద్దరూ కిటికీ దగ్గర కూర్చుని వీధిలో పోయేవాళ్లకి పేర్లు పెట్టి పడీ పడీ నవ్వేవాళ్లు.

కూతురి కాన్పని ఆ మామ పని మానేసి వెళ్లిపోయాడు. కొత్త మనిషి దొరకడానికి వారం పడుతుందంటే అక్క సెలవు పెట్టి వచ్చింది.

మొదటి రోజు పొద్దున తమ్ముడు గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు.

"నొప్పిగా ఉందా?"

"కాదు. మామ లేడుగా."

ఆమెకు ఒళ్లు మండింది. "జీతానికి వచ్చినాయన కోసం ఏడుస్తావా? నేనేం తక్కువ చేశానురా నీకు?"

"ఏం తక్కువ చెయ్యలేదక్కా." తర్వాతి మాట కూడదీసుకోవడానికి అతనికి చాలాసేపు పట్టింది. "వస్తావు. భుజం మీంచి బ్యాగు కూడా దించవు. మందులున్నాయా, అద్దె కట్టారా అని మామని అడుగుతావు. నన్నేమీ అడగవు. వెళ్లిపోతావు."

ఆమె మంచం అంచున కూలబడింది.

"కూర్చుంటే మళ్లీ లేవలేనని భయంరా. ఒంట్లో అంత ఓపికుండదు. పైగా నిన్నిలా చూడాలంటే..."

"నాకు మాత్రం నన్ను చూసుకునే ఓపికుందా? మామకే ఉండేది."

ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

ఆమె తమ్ముడికి గడ్డం గీస్తుంటే చుబుకం దగ్గర తెగింది.

"బస్సూ ఇలాగే తోలుతావా?"

"మా రూట్లో అన్నీ గుంతలే."

"మార్కెట్ రోడ్డు మొన్ననేగా వేశారు?"

"నన్ను ఆ రూటు నుంచి మార్చి రెండేళ్లయింది."

"నాకు చెప్పలేదే?"

"నువ్వడిగావా?"

ఆమె తెగినచోట దూది అద్దింది.

మూడో రోజుకి చెప్పుకోవడానికి కబుర్లు అయిపోయాయి. అతన్ని లేపీ కూర్చోబెట్టీ ఆమెకు నడుం పట్టేసింది. అయిదో రోజు అతను పక్క తడిపితే గట్టిగా అరిచేసింది.

"మామ అరిచేవాడు కాదు," అన్నాడు తమ్ముడు.

"మామ సాయంత్రమయ్యేసరికి నిన్ను పక్కింటివాళ్లకి అప్పజెప్పి ఇంటికెళ్లి పడుకునేవాడు," అంటూ దుప్పటి లాగేసింది. ఉతికి ఆరేసి వచ్చి, "కోపం నీ మీద కాదురా," అంది. ఎవరి మీదో ఆమెకూ తెలియలేదు.

కొత్త మనిషి వచ్చాడు. మంచివాడే, మితభాషి. జీతం ఇవ్వాలి కాబట్టి అక్క తిరిగి బస్సెక్కింది. తన గురువారం వారపు సెలవు మాత్రం ఇక వదులుకోనని, ఆ రోజు తమ్ముడి దగ్గరే ఉంటానని అంది. ఆ మేరకు డబ్బు తగ్గి, తమ్ముడికి వారానికి మూడుసార్లు చేయించే ఫిజియోథెరపీ రెండుసార్లయింది. కాలు కదలడం ఆలస్యమవుతుందని డాక్టరు ముఖం చిట్లించాడు.

"కానివ్వండి," అన్నాడు తమ్ముడు.

అతను తొందరపడి ఒప్పుకున్నాడేమోనని ఆమెకు ఇప్పటికీ మనసు పీకుతూనే ఉంటుంది. కొన్ని గురువారాలు ఇద్దరూ పోట్లాడుకుంటారు. కొన్నిసార్లు మధ్యాహ్నమంతా ఒక్క మాటా ఉండదు. అయినా ఆమె వెళ్తూనే ఉంది.